మంచు ఎత్తిన రోజు

"మళ్ళీ అడుగుతున్నా ఒడిల్. కారు ఎక్కడ పెట్టావు?"

"ఇంటి ముందే పెట్టాను."

"ఇంటి ముందంటే ఏ పక్క?"

"అవతలి పక్క. బోర్డు లేని పక్క."

రెజాన్ మూడోసారి కిటికీ తెర తొలగించి చూశాడు. శాంబోర్ వీధిలో అవతలి పక్క పదకొండు కార్లున్నాయి. వాటిలో తమది లేదు. తెర వదిలేసి భార్య వైపు తిరిగాడు.

"అయితే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఒడిల్ పొయ్యి దగ్గర నిలబడి ఓట్స్ గంజి తిప్పుతోంది. తిప్పాల్సిన పని ఎప్పుడో అయిపోయింది. ఆపితే అతని వైపు తిరగాల్సి వస్తుందని తిప్పుతూనే ఉంది.

నిన్న సాయంత్రం ఏడింటికి మంచు ఎత్తే సైరన్ మోగినప్పుడు ఇదే బల్ల దగ్గర కూర్చుని "మన కారు ఏ పక్కనుంది?" అని అడిగాడు రెజాన్. "ఫరవాలేదు, బోర్డు లేని పక్కే" అంది ఒడిల్. ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు తెలుసు, కారు అసలు ఈ వీధిలోనే లేదని. మూడు వీధుల అవతల, ఫాబ్ర్ వీధిలో, సరిగ్గా మంచు ఎత్తుతాం, కార్లు పెట్టొద్దనే నారింజ రంగు బోర్డు పాతిన పక్కనే ఉంది.

సైరన్ వినగానే కోటు తగిలించుకుని పరుగెత్తి కారు తీయాలి. మాంట్రియల్‌లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. కానీ ఏమని చెప్పి పరుగెత్తుతుంది? కారు ఫాబ్ర్ వీధిలో ఎందుకుందని అడిగితే ఏం చెబుతుంది? అందుకే కూర్చుంది. సూపు వడ్డించింది. సైరన్ దూరమయ్యేదాకా చెవులు అటే వేసి, మొగుడి మాటలకు ఊఁ కొట్టింది.

లారీలకు అడ్డమొచ్చిన కార్లను కొక్కెం బండి ఈడ్చుకెళ్లి, అప్పటికే మంచు ఎత్తేసిన ఏదో ఒక వీధిలో వదిలేసి పోతుంది. ఏ వీధి అన్నది ఎవరి అదృష్టం వాళ్ళది. మర్నాడు కాళ్ళరిగేలా తిరిగి వెతుక్కోవాలి.

కారు కోసం కాదు ఒడిల్ భయం. ఎవరి కంటా పడకూడదని దూరంగా పెట్టిన ఆ కారు డిక్కీలో ఆకుపచ్చ పెట్టె ఉంది. అందులో నాలుగు జతల బట్టలు, కుట్టు కత్తెర, రిమూస్కీ ఊళ్ళో బడి హాస్టల్ వంటింట్లో సోమవారం నుంచి పనిలో చేరమని వచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఇవాళ ఉదయం ఎనిమిదింటికి, రెజాన్ పనికి వెళ్లగానే, ఇరవై రెండేళ్ల కాపురానికి దణ్ణం పెట్టి ఆ కారులో వెళ్లిపోవాలని ఆమె ఏర్పాటు.

ఇప్పుడు ఎనిమిదికి పది నిమిషాలుంది.

"బోర్డు చదవడం కూడా రాదు నీకు," అన్నాడు రెజాన్ బూట్ల తాళ్ళు బిగిస్తూ. "ఆదివారం అమ్మ కింది వాటా వదిలి పైకి, మన దగ్గరికి వస్తోంది. కింద ఆ పాత సామానంతా పారేయాలి. కారు లేకుండా నా వీపు మీద మోయనా?"

"మీ అమ్మ పైకి వస్తోందని నువ్వూ మీ తమ్ముడూ అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు."

"మళ్ళీ మొదలుపెట్టకు. మంగళవారమే అయిపోయింది ఆ గొడవ."

"నీకు అయిపోయింది."

రెజాన్ తల ఎత్తి చూశాడు. ఒడిల్ గంజి గిన్నెలోకి చూసింది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ కుళాయి బాగుచేస్తానని అతనన్నది అక్టోబరులో.

"ఇవాళ నువ్వు గడప దాటకు," అన్నాడు చివరికి. "అమ్మను ఒంటరిగా వదలొద్దు. ఈ చలిలో తిరిగి నువ్వూ జారిపడితే, ఇద్దరికీ చాకిరీ నేను చెయ్యాలి."

ఎవరికి ఏం చాకిరీ చేశాడో ఆ ఇంటి గోడలే చెప్పాలి.

"మరి కారు?"

"దొనా వెతుకుతాడులే. మధ్యాహ్నానికి లేస్తాడు. నా తాళంచెవి వాడి తలుపు సందులో పడేసి పోతున్నా. వాడి వ్యాన్ బ్యాటరీ చచ్చింది. మన డిక్కీలో వైర్లున్నాయి కదా, వాటికోసమైనా కదులుతాడు."

ఒడిల్ గరిటె పక్కన పెట్టింది. అయితే మరిది దొనా డిక్కీ తెరుస్తాడు.

రెజాన్ బయటి ఇనుప మెట్లు దిగుతున్న చప్పుడు ఆఖరి మెట్టుదాకా విన్నాక, ఆమె పొయ్యి ఆపింది.

*

ఆ మూడంతస్తుల ఇంట్లో పైన మరిది దొనా, మధ్యలో రెజాన్, ఒడిల్, కింద అత్తగారు అల్ఫోన్సిన్ ఉంటారు. మూడేళ్ల కిందట మంచు పట్టిన మెట్ల మీద పడి ఆవిడ తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి చలికాలం గడప దాటకూడదని కొడుకుల ఆజ్ఞ. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ, రేడియో, టీ కప్పు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆవిడ ప్రపంచం అంతే. అక్కణ్ణుంచే కోడలి తప్పులన్నీ లెక్కపెడుతుంది.

"కారు పోగొట్టావటగా," అంది ఆవిడ, ఒడిల్ లోపలికి అడుగుపెట్టగానే.

"మీకెవరు చెప్పారు?"

"మీ ఆయన గొంతు. పైన వాడు దగ్గితే ఇక్కడ నా కప్పులో టీ ఒలుకుతుంది."

"నేను కాసేపు బయటికి వెళ్లాలి అత్తయ్యా. పళ్ళ డాక్టరు దగ్గరికి."

"ఏ పన్ను?"

ఒడిల్ నాలుకతో నోరంతా తడుముకుంది. "ఎడమ పక్కది."

"వెతుక్కుంటేగాని దొరకలేదు. పాపం, ఎంత నొప్పో!"

ఒడిల్ ముఖం ఎర్రబడింది. మామూలు రోజైతే దీనికి సమాధానం చెప్పి ఉండేది. ఇవాళ నోరు కట్టేసుకుంది. ఆవిడ ఇప్పుడు ఫోను ఎత్తి కొడుకు పనిచేసే చోటికి ఒక్క మాట చెబితే చాలు, కథ ముగుస్తుంది.

"ఆదివారం నుంచి ఎలాగూ మా వంటింట్లోనే కూర్చుంటారు కదా," అనేసింది ఉండబట్టలేక. "అప్పుడు నా పళ్ళన్నీ తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. మీ కోరిక తీరుతోంది."

"నా కోరికా?"

అల్ఫోన్సిన్ రేడియో గొంతు పెంచింది. వాతావరణం చెబుతున్నారు. సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద, సాయంత్రానికి ఇంకా మంచు పడుతుందట.

"సూపు వేడి చేసి వెళ్తాను."

"చల్లటిదే తాగుతాలే. చావను." ఆవిడ కోడలి కాళ్ళవైపు చూసింది. "ఆ మేజోళ్లతో ఈ చలిలో తిరుగుతావా? ఆ సొరుగులో మీ మామగారి ఉన్నివి ఉన్నాయి, వేసుకో. పన్ను నొప్పికి మంచిది."

ఇది ఎగతాళో, దయో ఒడిల్‌కు అర్థం కాలేదు. ఇరవై రెండేళ్లలో ఆవిడ దగ్గర దయ చూసిన గుర్తు లేదు కాబట్టి ఎగతాళే అనుకుంది. మేజోళ్లు మాత్రం వేసుకుంది. తలుపు దగ్గరికి వెళ్లాక వెనక నుంచి మాట వినిపించింది.

"దొరికేదాకా రాకు."

ఒడిల్ గిరుక్కున తిరిగింది. "ఏమిటి దొరికేదాకా?"

"డాక్టరు," అంది అల్ఫోన్సిన్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

*

ఫాబ్ర్ వీధిలో తను కారు పెట్టిన చోటు నున్నగా, ఖాళీగా ఉంది. అక్కడ ఒక్క క్షణం నిలబడింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, రెప్పల మీదే గడ్డకట్టాయి. ఏడవడానికి కూడా వీల్లేని చలి. చేతి తొడుగుతో రెప్పలు రుద్దుకుని నడక మొదలుపెట్టింది.

ఒక రకంగా తనదే పైచేయి. కారు శాంబోర్‌లో పోయిందనుకుని దొనా ఆ చుట్టుపక్కలే తిరుగుతాడు. ఫాబ్ర్ నుంచి పోయిందన్నది తనొక్కదానికే తెలుసు. ఈ ఆలోచనతో కాస్త ఊపిరాడింది.

వీధికి రెండు పక్కలా కార్లు. ఒక్కో కారు మీదా జానెడు మంచు. దగ్గరికి వెళ్లి, వంగి, తొడుగుతో నంబరు పలక తుడిచి చూడాలి. కాదు. ఇంకోటి. కాదు. ముప్పై కార్లయ్యేసరికి నడుము పట్టేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్ ఆ కారుతో?"

పార పట్టుకుని ఒక ముసలాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ కింద ముక్కు తప్ప ఏమీ కనబడడం లేదు.

"నంబరు చూస్తున్నానండీ. మాది ఈడ్చుకెళ్లారు."

"ఓ, అదా! ఏ రంగు?"

"నీలం."

"నీలమా? ఈ వీధిలో ఇవాళ అన్నీ తెల్లవేనమ్మా." తన మాటకు తనే నవ్వుకున్నాడు. "కంగారుపడకు. ఓ ఏడాది మాదీ పోయింది. ఏప్రిల్లో దొరికింది."

"ఏప్రిల్లోనా?"

"మంచు కరిగాక చూస్తే మా ఇంటెదురుగానే ఉంది. నాలుగు నెలలు నేనే దాని మీద మంచు ఎత్తిపోశా. మా ఆవిడ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పి నవ్విస్తుంది."

ఒడిల్ కూడా నవ్వింది. నవ్వాక భయమేసింది. ఏప్రిల్ దాకా ఆగే వ్యవహారం కాదు తనది. సోమవారం పొద్దున రిమూస్కీలో లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. నలభై నాలుగేళ్ల మనిషికి, అనుభవమంటే ఇంటి వంట తప్ప చెప్పుకోవడానికేమీ లేనిదానికి, అలాంటి ఉత్తరం మళ్ళీ రాదు.

ఫాబ్ర్ అయింది. గార్నియే వీధి అయింది. లానోదియేర్ సగమయింది. ఎక్కడ చూసినా అవే ఇనుప మెట్లు, అవే ఇటుక గోడలు, తలెత్తు మంచు గుట్టల మధ్య మనిషి పట్టేంత దారి. పెద్ద రోడ్డు మీద యంత్రం ఒకటి మంచు మింగి పక్కన నడిచే లారీలోకి ఊస్తోంది. ఆ రొదలో తన ఆలోచన తనకే వినిపించలేదు.

మొదటి గంట భయంతో నడిచింది. రెండో గంటలో ఇంకేదో మొదలైంది. ఎవరూ పిలవడం లేదు. ఎవరికీ ఏదీ అందించనక్కర్లేదు. ఇంటికి రెండు వీధుల దూరంలో గుండీలు మాత్రమే అమ్మే కొట్టు ఒకటి ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. అద్దం వెనక ఎముక గుండీలు, గాజు గుండీలు, చేప ఆకారంలో గుండీలు. చలి మరిచిపోయి చూస్తూ నిలబడింది. ఇలా ఒక్కతే, వేళ చూసుకోకుండా ఊరు తిరిగి ఎన్నాళ్ళయింది? పెళ్ళికి ముందెప్పుడో. సంతోషమే అనిపించింది, దొంగతనం చేసినంత సంతోషం.

అది ఎంతోసేపు నిలవలేదు. మలుపు తిరిగితే శాంబోర్ వీధి. తమ ఇల్లు, తమ మెట్లు, కింద అత్తగారి కిటికీ. చప్పున వెనక్కి తగ్గి గోడ చాటుకు వెళ్లింది. ఇంకో వీధి పట్టుకుంది. ముప్పావుగంట తర్వాత ఇంకో మలుపు తిరిగితే మళ్ళీ అదే శాంబోర్. కాలుగాలిన పిల్లిలా ఎంత తిరిగినా ఇంటి గుమ్మానికే వచ్చి చేరుతోంది. మాంట్రియల్ అంత ఊరు. ఆమెకు మాత్రం అది పది వీధుల బోను.

*

ఒంటిగంటకు వేళ్ళలో స్పర్శ పోయింది. మూలమీద ఉన్న చిన్న హోటల్లోకి దూరి బల్ల ముందు ఎత్తు కుర్చీ ఎక్కింది.

"ఏం పెట్టమంటావ్, తల్లీ?" అంది వడ్డించే ఆవిడ.

"వేడి చికెన్ శాండ్‌విచ్. మీద గ్రేవీ, బఠాణీలు."

పళ్ళెం వచ్చాక గాని తెలియలేదు, అది రెజాన్ తినే తిండి అని. తనకు గ్రేవీలో నానిన రొట్టె అంటే పడదు. తిరిగి పంపడానికి మొహమాటపడి, తననే తిట్టుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఇల్లు వదిలిపోవాలనుకున్న మనిషి, ఎవరూ పక్కన లేనప్పుడు కూడా మొగుడి భోజనమే అడిగింది!

"వదినా! నువ్విక్కడా?"

దొనా. టోపీ చెవుల మీదికి లాక్కుని, మీసాల మీద మంచుతో పక్క కుర్చీలో కూలబడ్డాడు. లేచి ఎంతోసేపు కాలేదని ముఖమే చెబుతోంది.

"అమ్మ పళ్ళ డాక్టరంది. డాక్టరు బఠాణీలు తినమన్నాడా?"

"ఆకలేసింది."

"ఇటు తొయ్యి అయితే. నాకూ ఆకలేస్తోంది." ఆమె పళ్ళెంలోంచి రొట్టె ముక్క అందుకున్నాడు. "ఆ కారు వెతికి వెతికి చచ్చాననుకో. గంట తిరిగా."

"కనబడిందా?"

"ఎక్కడ? అన్నయ్య ఫోన్ చేశాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చేస్తున్నాడు."

ఒడిల్ ఫోర్కు పళ్ళేనికి తగిలి చప్పుడైంది. "ఎందుకు?"

"పోలీసు స్టేషన్ వాళ్ళతో మాట్లాడాడట. ఎక్కడ వదిలారో రాసిన జాబితా సాయంత్రానికి గాని రాదట. ఎక్కణ్ణుంచి ఎత్తారో మాత్రం చెప్పారట." దొనా నమలడం ఆపాడు. "ఫాబ్ర్ వీధి నుంచట. ఫాబ్ర్ వీధిలో మన కారుకేం పని వదినా?"

ఒడిల్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"మన వీధిలో చోటు దొరకలేదు."

"నిన్న మధ్యాహ్నమా? నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఏనుగును పడుకోబెట్టేంత చోటుంది."

వడ్డించే ఆవిడ వచ్చి కాఫీ పోసి పోయింది. దొనా సోమరి అని, తాగుబోతు అని, దేనికీ పనికిరాడని ఇంట్లో అందరూ అంటారు. బుర్ర తక్కువవాడని మాత్రం ఎవరూ అనలేదు.

"అన్నయ్య అడిగితే ఇంకో మాట ఆలోచించుకో," అన్నాడు మెల్లిగా, పళ్ళెం వైపే చూస్తూ. "ఇది నిలబడదు."

"దొనా..."

"నాకేం చెప్పకు. చెబితే దాచలేను, నా సంగతి నీకు తెలుసు." లేచి తొడుగులు వేసుకున్నాడు. "నాకు కావాల్సింది వైర్లు. ఇక ఉత్తరం వైపు చూస్తా, రైలు పట్టాల దాకా."

"అటంతా నేను చూసేశాను," అంది ఒడిల్ వెంటనే. ఒక్క వీధి కూడా చూడలేదు. "పాపినో రోడ్డు దాటి తూర్పుకు వెళ్లు. నిన్న మొదట మంచు ఎత్తింది అటువైపే."

దొనా ఆమెను ఒక్క క్షణం పరకాయించి చూశాడు.

"తూర్పే వెళ్తాలే," అన్నాడు.

నమ్మాడో, నమ్మినట్టు నటించాడో ఆమెకు తెలియలేదు.

*

అప్పటినుంచి నడవడం కాదు, పరుగు. ఉత్తరం వైపు ఒక్కో వీధీ గాలిస్తూ పోయింది. మూడున్నరకు మంచు మొదలైంది. తుడిచిన నంబరు పలక మీద మళ్ళీ మంచు పడుతోంది. రెండుసార్లు జారింది, ఒకసారి మోకాలు కొట్టుకుంది. రెజాన్ ఈపాటికి వచ్చేసి ఉంటాడు. ఏ మలుపులో ఎదురవుతాడోనని ప్రతి నల్ల కోటుకూ ఉలిక్కిపడింది. కారు దొరికినా తాను తప్పించుకోలేదేమో, పెట్టె కనబడనివ్వకుండా ఇంటికి తీసుకుపోయి బట్టలు మళ్ళీ బీరువాలో సర్దుకోవడమే మిగులుతుందేమో అని మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచనకు అడుగు ఇంకా వడిగా వేసింది.

సాన్ గ్రెగ్వార్ వీధిలో, రైలు పట్టాల కంచె పక్కన, నాలుగూ పదికి దొరికింది.

వెనక బంపరుకు కుడి పక్క సొట్ట. మామగారు బతికుండగా పడిన సొట్ట. నంబరు తుడవక్కర్లేకుండానే గుర్తుపట్టింది. వీధి వైపు, మంచు తోసే యంత్రం పోసిన గట్టు తలుపుల సగందాకా ఉంది. ఎదురింటివాళ్ళను అడిగి పార తెచ్చుకుని గట్టు తవ్వింది. ఇరవై రెండేళ్లు మూడంతస్తుల మెట్ల మీది మంచు ఎత్తిన చేతులు అవి, పావుగంటలో దారి చేశాయి. పార తిరిగిచ్చి వచ్చింది.

డిక్కీ తాళం గడ్డకట్టుకుపోయింది. తాళంచెవిని అరచేతుల్లో పెట్టుకుని ఊపిరి ఊదింది. మళ్ళీ ఊదింది. నాలుగోసారి తిరిగింది.

ఆకుపచ్చ పెట్టె ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఒడిల్ నోటివెంట ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది.

ఆ పక్కన ఇంకో పెట్టె ఉంది.

గోధుమరంగుది, చిన్నది. మూత నిలవదని మగవాళ్ళ నడుం బెల్టుతో బిగించి ఉంది. బెల్టు మామగారిది. ఒడిల్ తొడుగులు తీసి బెల్టు విప్పింది. రెండు రాత్రి గౌన్లు, బీపీ మందులు, జపమాల, కట్టుడు పళ్ళ గిన్నె. అన్నిటికీ అడుగున, మడిచి, పూల ఎండాకాలం గౌను.

వారం రోజులకు వెళ్లే మనిషి ఎండాకాలం గౌను పెట్టుకోదు.

ఎవరి నుంచి తప్పించుకుపోవాలనుకుందో ఆ అత్తగారే తనకంటే ముందు సామాను సర్దుకుని కూర్చుంది. ఒడిల్‌కు ముందు కోపమే వచ్చింది. ఒళ్ళంతా మండిపోయేంత కోపం. ఈ ఒక్క కారు, ఈ ఒక్క రోజు, ఈ ఒక్క పెట్టె తనవనుకుంది. అవి కూడా తనవి కాకుండా పోయాయి!

*

మూలమీద కిరాణా కొట్టు పక్కన ఫోన్ బూత్ ఉంది. అయిదూ పదికి అందులో నిలబడి అత్తగారి నంబరు తిప్పింది. రెండో మోతకే ఎత్తారు.

"దొరికిందా?" అంది అల్ఫోన్సిన్. హలో లేదు, ఎవరని లేదు.

"దొరికింది."

అవతల రేడియో ఆపినట్టుంది.

"రెండూ ఉన్నాయా?"

"మీరెలా పెట్టారు?"

"నిన్న నేను నిద్రపోతున్నాననుకుని వెనక సందులో కారు పెట్టి, పెట్టె వేసి, పొయ్యి మీద ఏదో మరిచావని పైకి పరుగెత్తావు. ఆ పావుగంట చాలింది నాకు. మీ మామగారి తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంది."

"మీరు నడవలేరు కదా అత్తయ్యా!"

"నడవలేనని వాళ్ళన్నారు. నేనెప్పుడన్నాను?"

బూత్ అద్దం మీద ఒడిల్ ఊపిరి తెల్లగా గడ్డకడుతోంది. మూడేళ్లు. మూడేళ్లు ఈవిడకు చేయి పట్టుకుని స్నానం చేయించింది తను.

"నేనెక్కడికి వెళ్తున్నానో కూడా మీకు తెలీదు."

"ఆదివారం నన్నెక్కడ కూర్చోబెడతారో తెలుసుగా. అది చాలు. నన్నూ అడగలేదే పిల్లా. నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరూ వచ్చి చెప్పి పోయారు."

"నేను వెళ్లేది అసలు..." మీ నుంచి తప్పించుకోవడానికే అన్న మాట పళ్ళదాకా వచ్చి ఆగిపోయింది.

"నా మొహం చూడలేకే కదా. తెలుసు. వెనక సీట్లో కూర్చుంటాను. అద్దం పైకి తిప్పుకో."

దూరంగా, ఆవిడ వెనక నుంచి, రెజాన్ గొంతు వినబడింది. "ఎవరమ్మా ఫోన్లో? ఒడిలా?"

"కాదురా. ఎవరో." అల్ఫోన్సిన్ గొంతు ముసలిదైపోయింది, నీరసంగా, కొడుకులకు అలవాటైన గొంతు. "ఈ ఇంట్లో లేని మనిషి కోసం అడుగుతున్నారు." మళ్ళీ మెల్లిగా, పెదవులు ఫోనుకు ఆనించి చెప్పింది. "ఆరున్నరకు వాడు వార్తలు చూస్తాడు. వెనక సందులో ఉంటాను. కోటు వేసుకునే ఉంటాను."

ఫోన్ పెట్టేసింది.

ఒడిల్ కారు దగ్గరికి తిరిగి వచ్చింది. ఇంజను మొదట మూలిగింది, తర్వాత అందుకుంది. పెట్రోలు సగానికి పైనే ఉంది. ఇక్కణ్ణుంచి కుడికి తిరిగితే వంతెన, వంతెన దాటితే రిమూస్కీ రోడ్డు. తెల్లవారేలోగా చేరిపోవచ్చు. ఇరవై రెండేళ్లు తనను ముల్లుతో పొడిచినట్టు మాటలతో పొడిచిన మనిషికి ఆమె ఏమీ బాకీ లేదు. ఇందులో తప్పేముంది? ఎవరడిగినా ఇదే చెబుతుంది.

దిగి వెనక్కి వెళ్లింది. గోధుమరంగు పెట్టె బెల్టు పట్టుకుని ఎత్తింది. బరువుగా ఉంటుందనుకుని బలంగా లాగింది. డెబ్బై మూడేళ్ల మనిషి సామాను, పట్టుమని అయిదు కిలోలు లేదు. ఆ ఊపుకు తనే తూలింది.

పెట్టెను మంచు మీద దించింది.

బెల్టు వదిలేయాలి. అంతే. వదిలేసి కారెక్కాలి. పెట్టె మూత మీద అప్పుడే మంచు పడడం మొదలైంది. ఒడిల్ వంగి, రోజంతా నంబరు పలకలు తుడిచిన చేత్తో దాన్ని తుడిచింది. మళ్ళీ పడింది. మళ్ళీ తుడిచింది.

డిక్కీ తెరిచే ఉంది. ఇంజను తిరుగుతోంది. ఆరున్నరకు ఇంకా గంట ఉంది.